లోగది తలుపు

బండి రెండోసారి వచ్చేలోపల ముసలి వడ్రంగి తేల్చుకోవలసింది ఒక్కటే, లోగదిలో తన పెళ్లాం ఉందా, లేదా. ఉంటే ఆమెను ఈ ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి బండెక్కడం ఎట్లా? లేకపోతే మరి ఇన్నాళ్లూ ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా తను చెయ్యి చాచింది ఎవరికోసం? పోయిన చలికాలంలో పోయిన మనిషి. ఆఖరిసారి కళ్లు మూసింది కూడా తన చేతులతోనే. ఉందా లేదా అని పైకి అడిగితే ఎవరైనా నవ్విపోతారు, ఒకప్పుడు తనే అందరికంటే ముందు నవ్వేవాడు, పెదవి కదపకుండా కడుపులోనే నవ్వుకునే నవ్వు అతనిది. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, ఎదురుగా మూసి ఉన్న లోగది తలుపుని చూస్తున్నాడు. మంచాలు, బీరువా, గిన్నెల మూటలు మొదటిసారే వెళ్లిపోయాయి. కొడుకు మెట్లు దిగుతూ, "నాన్నా, నువ్వు కదలకుండా ఇక్కడే కూర్చో. రెండోసారికి ఆ పీపా, నీ పెట్టె, నువ్వు, అంతే మిగిలింది" అన్నాడు. పీపాకీ పెట్టెకీ పక్కన తనని కూడా చేర్చేశాడు వెధవ. తప్పేముంది, చేర్చవలసిన చోటే చేర్చాడు. మూడూ మాట్లాడవు.

ఖాళీ చేస్తే ఇల్లు పెద్దగా కనిపిస్తుందంటారు. ఇది చిన్నదైపోయింది. ఇంత చిన్న గదిలోనా తను ఇన్నేళ్లు తలుపులు, కిటికీలు, ఊయలలు చేసింది, ఇక్కడేనా నిలువుపలకలు ఆనించింది, ఎలా పట్టాయి? గోడ మీద పలకలు ఆనించినచోట మరకలున్నాయి, మనిషి ఎత్తున, భుజాలు వంచిన మనుషులు వరసగా నిలబడినట్టు. ఇదిగో, ఇలాగే మొదలవుతుంది కాబోలు, మరక మనిషవుతుంది, మనిషి కళ్లు తెరుస్తాడు. కింద ఇస్త్రీ దుకాణంలో ఇనప పెట్టె బల్ల మీద దిగుతోంది, ధప్, మళ్లీ ధప్. ఈ చప్పుడు ఇన్నేళ్లలో ఎన్నడూ వినలేదే, రంపం ఆగితే కదా వినపడేది. ఆ ఇస్త్రీ అతనికి నోరు ఊరుకోదు. ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి పొద్దున పైకి వచ్చాడు, బీరువాకి ఓ చెయ్యి వేశాడు, వేసి ఊరుకోవచ్చు కదా, "పెద్దాయనా, నా మాట విను, దెయ్యాల్లేవు. అన్నీ తెల్లబట్టలే కడతాయంటారు కదా, ఇన్నేళ్ల నుంచి దుకాణం పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కటంటే ఒక్కటి ఇస్త్రీకి రాలేదు" అన్నాడు. కొడుకు నవ్వాడు. కోడలు మొహం తిప్పుకుంది. తను నవ్వలేదు, ఏడవలేదు, బీరువా కాలు మెట్టుకి తగలకుండా చూశాడు. తన పెళ్లాం ఎన్నడూ తెల్లచీర కట్టింది కాదు. మాసిపోతుందని. రంపపు పొట్టు కనపడని రంగులే కట్టేది. కాబట్టి ఇస్త్రీ అతని లెక్క ఆమెకి కుదరదు. ఛీ, ఏమిటీ ఆలోచన, లెక్క కుదరకపోతే ఉన్నట్టా?

అమ్మ ఉంటే తేల్చి పారేసేది. తన తల్లి దెయ్యాలచేత చేయించినంత చాకిరీ ఇంకెవరూ చేయించి ఉండరు. అన్నం తినకపోతే దెయ్యం, స్నానానికి రాకపోతే దెయ్యం, చక్కెర డబ్బాలో చెయ్యి పెడితే డబ్బా వెనకాల దెయ్యం. ఇంటికి కాపలా దెయ్యమే, పిల్లల్ని నిద్రపుచ్చడం దెయ్యమే. ఇంత పని చేసే దానికి ఓ పూట తిండి అయినా పెట్టావా అమ్మా అని అడగాలనిపించేది. అడగలేదు, చిన్నప్పుడూ అంతే, మాట గొంతు దాకా వచ్చి అక్కడే చాప పరుచుకుని పడుకునేది. బడికి వెళ్లింది మూడేళ్లే. ఆ మూడేళ్లలో చదువు సంగతి ఏమో గానీ పంతులు చెప్పింది ఒకటి బాగా గుర్తుంది, దెయ్యాలూ లేవు గియ్యాలూ లేవు, అంతా మన భయమే రా అనేవాడు, బల్ల గుద్ది మరీ. కానీ సుద్దముక్కలు వెనక చీకటిగదిలో ఉండేవి, వాటికోసం తనొక్కడే వెళ్లేవాడు కాదు, "అందరూ రండిరా, గది చూపిస్తాను" అని తరగతి మొత్తాన్ని వెంటేసుకుని వెళ్లేవాడు. రోజూ చూసే గదిని రోజూ చూపించేవాడు. అప్పుడే అనుమానం వచ్చింది తనకి. లేదని చెప్పే మనిషి భయపడుతున్నాడు, ఉందని చెప్పే అమ్మ ఏ చీకట్లోకైనా చెంబు పట్టుకుని విసవిసా వెళ్లిపోతోంది. ఇద్దరిలో ఎవరు నమ్మినట్టు, ఎవరు నమ్మనట్టు? ఇప్పటికీ తేలలేదు. ముసలితనం వచ్చాక తేలుతుందనుకున్నాడు. ముసలితనం వచ్చింది గానీ దాంతోపాటు రావలసింది ఇంకా దారిలోనే ఉంది.

పనిలో దిగాక మాత్రం లేవనే అనుకున్నాడు. చెక్క సంగతి తెలిసినవాడికి దెయ్యంతో పనేముంది. చెక్క ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది, కోసి ఏళ్లు గడిచినా ఒళ్లు విరుచుకుంటూనే ఉంటుంది, విరుచుకున్నప్పుడల్లా టక్కుమంటుంది. మనుషులు ఆ టక్కుకి ఓ పేరు పెట్టుకుంటారు, తాతయ్య అనో, పాత అద్దెవాళ్ల పిల్ల అనో. ఎవరింట్లో చప్పుడైనా తనకే కబురు వచ్చేది, దెయ్యాల వడ్రంగి అని పేరు కూడా పడింది. వెళ్లేవాడు, చెవి ఆనించేవాడు, చిత్రికతో ఓ పక్క కాస్త తీసేవాడు, దెయ్యం పోయేది, టీ ఇచ్చేవాళ్లు. ఒక్క ఇల్లే వేరు. మందుల దుకాణంలో పనిచేసే ఒకావిడ, భర్త పోయి కొన్నాళ్లయింది, బట్టల బీరువా లోపల్నుంచి ఎవరో తడుతున్నారంది. పచ్చిచెక్కతో చేసిన బీరువా అది, అడుగు పలక వంకర తిరిగింది, రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా తలుపుకి కొట్టుకుంటోంది. సరిచేశాడు. "ఇంక చప్పుడు రాదమ్మా" అన్నాడు. ఆవిడ సంబరపడుతుందనుకున్నాడు. బీరువా ముందు నిలబడి, "అయితే ఆయన కాదా?" అంది. పనిముట్లు సర్దుకుని గడప దాటుతుంటే వెనకనుంచి, "మళ్లీ కొట్టుకునేట్టు చేయగలవా?" అంది. నవ్వాడు. అప్పుడు కడుపులో కాదు, పైకే నవ్వాడు. "బాగుచేయడం వచ్చు గానీ పాడుచేయడం రాదమ్మా" అన్నాడు, గొప్ప మాట అన్నట్టు ఇంటికొచ్చి పెళ్లానికి కూడా చెప్పాడు. ఆమె నవ్వలేదు. "ఆవిడ ఇష్టం ఆవిడది, చేసి రాకపోయావా, నీ సొమ్మేం పోయింది" అంది. ఎన్నేళ్లయింది ఆ మాట విని! ఎక్కడుంది ఇన్నాళ్లూ, ఏ పలక సందులో ఇరుక్కుంది, ఇప్పుడు ఇంత ఖాళీ గదిలో ఎలా దొరికింది?

తలుపు కదలలేదు. కదిలిందనుకున్నాడు. కాదు, కిటికీ లోంచి పడ్డ ఎండ జరిగింది. ఆ తలుపు తను చేసిందే, ఇంటి యజమాని పెట్టించిన తలుపు చెదలు తినేస్తే తీసి పడేసి, మంచి చెక్క తెచ్చి చేశాడు. ముందుగదిలో రంపం కోస్తే పొట్టు లోగదిలో పొయ్యి దాకా ఎగిరేది, అందుకని ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. మూసి ఉన్న తలుపు తీయాలంటే ఆమెకి చేతులు ఖాళీ ఉండేవి కావు, ఓ చేతిలో గిన్నె, ఓ చేతిలో గ్లాసు, భుజంతో తోసేది. కొన్నాళ్లకి ఆ భుజం నొప్పి పట్టింది. చెప్పలేదు, తోసేటప్పుడు పళ్లు బిగించడం తను చూశాడు, అంతే. ఆమె బజారుకి వెళ్లినప్పుడు పై మడతబందు విప్పి, దాని కింద చెక్కని ఉలితో కాస్త లోతు చేసి మళ్లీ బిగించాడు. కాస్తే. ఏ వడ్రంగి చూసినా పని రానివాడు బిగించాడనుకుంటాడు, నిలువుకి నిలబడని తలుపు. కానీ గొళ్లెం మోచేత్తో కదిపితే చాలు, ఇంక తోయక్కర్లేదు, తలుపు తనంతట తనే మెల్లగా ముందుగదిలోకి తెరుచుకుంటుంది. మధ్యలో నేలబండ ఒకటి కాస్త పైకి లేచి ఉంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, ఆలోచించుకున్నట్టు, మళ్లీ కదులుతుంది. నీకోసమే చేశానని చెప్పాలనుకున్నాడు. సాయంత్రం చెబుదామనుకున్నాడు, మర్నాడు చెబుదామనుకున్నాడు. ఈలోపల ఆమే వచ్చి, గొంతు తగ్గించి, "ఏమయ్యా, మీ అమ్మ నాకు తలుపు తీస్తోంది" అంది.

తన తల్లి పోయిన ఏడాది అది. అత్తాకోడళ్లకి ఒక్క రోజు పొసగలేదు, ఉప్పు దగ్గర, నీళ్ల దగ్గర, తన దగ్గర. "బతికుండగా అడ్డంగా కూర్చున్న మనిషి, కాలు కూడా జరిపేది కాదు, ఇప్పుడు నేను గిన్నె పట్టుకుని రావడం చూసి తలుపు తీస్తోంది చూడు. పోయాక బుద్ధి వచ్చింది పాపం" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఉలి అని చెప్పాలి అప్పుడు. మడతబందు అని చెప్పాలి. చెబితే ఆ కళ్లు ఒత్తుకోవడం ఏమవుతుంది, పోయిన తల్లి మళ్లీ అడ్డంగా వచ్చి కూర్చుంటుంది ఇద్దరి మధ్య. నోరు మూసుకున్నాడు. నోరు మూసుకోవడం తనకి కొత్త కాదు కదా. ఆనాటి నుంచీ ఆమె ఆ తలుపు దాటినప్పుడల్లా "వస్తున్నానత్తా" అనేది, ఒక్కోసారి ఇవాళ కూర బాగా కుదిరిందత్తా అనేది, ఒక్కోసారి నీ కొడుకు మాట్లాడడు, నీతోనే మాట్లాడాలి అని తనని దెప్పేది. తన చేతుల్లో పుట్టిన దెయ్యం అది. ఉలితో చెక్కిన దెయ్యం. అది లేదని ఈ లోకంలో తెలిసినవాడు తనొక్కడే. అయినా, అత్తని క్షమించిందే, అది ఉత్తదా? లేని మనిషి తలుపు తీస్తే ఉన్న మనిషి కోపం నిజంగా పోయిందే. లేనిది ఉన్నదాన్ని ఎలా కదుపుతుంది? ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ బుర్ర తిరుగుతుంది, రంపం మేకుకి తగిలినట్టు గీరుమని ఆగిపోతుంది. మందుల దుకాణం ఆవిడ ఉందా ఇంకా, బీరువా ఉందా?

ఆఖరు నెలల్లో ఆమె మంచం లోగదిలోనే. దగ్గు. గొళ్లెం కూడా అరిగిపోయింది అప్పటికి, రోడ్డు మీద బస్సు పోయినా, బండ మీద గిన్నె గట్టిగా పెట్టినా ఊడి వచ్చేది, తలుపు దానంతట అదే తెరుచుకునేది. తెరుచుకుంటే మంచి గాలి ఆడుతుందని ఊరుకున్నారు, మంచం మీదనుంచి తను పని చేయడం ఆమెకి కనపడేది. ఆమె పోయాక కొన్నాళ్లకి, మధ్యాహ్నం, ఊయల కాలు ఒకటి చిత్రిక పడుతున్నాడు. తలుపు కదిలింది. బండ దగ్గర ఆగింది, ఆలోచించుకుంది, వచ్చింది. చిత్రిక మీదనుంచి కుడిచెయ్యి లేచింది, వెనక్కి తిరక్కుండానే చాచాడు, టీ గ్లాసుకోసం. తలుపు అలా ఎందుకు చేస్తుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి చెయ్యి చాచాడు! చెయ్యికి తెలియదా? బుర్రకి తెలిసింది చెయ్యికి ఎవరూ చెప్పలేదా? ఎంతసేపు చాచి ఉంచాడో, వేళ్లకి పొట్టు అంటుకుని ఉంది, ఆ వేళ్లకి ఏదో వేడి తగిలినట్టే ఉంది, తగలలేదు, తగిలినట్టే ఉంది. ఎండ అయి ఉంటుంది. ఎండే. తర్వాత కూడా చాలాసార్లు చాచాడు, ఎవరూ లేనప్పుడు. నమ్మి కాదు. నమ్మకుండానే. ఇది ఎవరికైనా చెబితే నమ్మినట్టా నమ్మనట్టా అని అడుగుతారు, తనేం చెబుతాడు?

కోడలు బెదిరింది. బెదరదా మరి, పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడి ఉంటే వెనకాల తలుపు తెరుచుకుంటుంది, మధ్యలో ఆగుతుంది, ఎవరో తొంగిచూసినట్టు. ముందు అరిచింది. తర్వాత అరవడం మానేసింది గానీ లోగదిలోకి వెళ్లేముందు గడప దగ్గర నిలబడేది. "అత్తయ్యకి నా మీద కోపం" అని మొగుడితో అంటుంటే విన్నాడు. "ఏం కోపం? నీకు పిచ్చా?" అన్నాడు కొడుకు. కొడుకు కరెంటు మీటర్ల పని చేస్తాడు, వాడికి తీగ ఉంటే ఉన్నట్టు, తీగ లేకపోతే లేనట్టు, అదృష్టవంతుడు. తనిక చూడలేకపోయాడు. కోడలు బయటికి వెళ్లిన పూట మడతబందు విప్పి, ఆ లోతులో అట్టముక్క ఒకటి మడిచి పెట్టి బిగించాడు. దారానికి గుండు కట్టి చూశాడు, తలుపు నిలువుకి వచ్చింది. గొళ్లెం ఊడినా ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది, బుద్ధిగా, చచ్చిన చెక్కలాగా. ఆ మధ్యాహ్నం చిత్రిక పడుతూ ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశాడో. సరే, పిల్లకి భయం పోతుంది కదా అనుకున్నాడు. మరి ఏమైంది? వారం తిరిగేలోపల కొడుకు వచ్చి, "లాభం లేదు నాన్నా, మళ్లీ మొదలైనట్టుంది. ఈ ఇంట్లో ఉండలేనని ఏడుస్తోంది, వేరే ఇల్లు చూశాను" అన్నాడు. మళ్లీ మొదలవడం ఏమిటి! అట్టముక్క పెట్టాడు కదా తను. పెట్టాడా? గుండు కట్టి చూశాడు కదా. అప్పటిదాకా ఆ తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నా కారణం తన జేబులో ఉండేది. ఇప్పుడు జేబు తడుముకుంటే ఏమీ లేదు. నిలువుకి నిలబెట్టిన తలుపుని తెరిచేది ఎవరు?

అదే ఇప్పుడు చూస్తున్నది. అందుకే కొడుకు కూర్చోమంటే మాట్లాడకుండా కూర్చున్నాడు. గొళ్లెం తనే ఊడదీసి ఉంచాడు. వస్తే రా. ఉంటే రా. బస్సు ఒకటి వెళ్లింది, కిటికీ అద్దం వణికింది, తలుపు వణకలేదు. పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచింది లేదు జన్మలో, ఇప్పుడేమని పిలుస్తాడు? ఆమెకీ తెలుసు, తను పిలవడని. కోపం వచ్చి కూర్చుందేమో, తలుపు ఎందుకు బిగించావని. బిగిస్తే దెయ్యాలకి అడ్డేమిటి, గోడల్లోంచి వస్తాయంటారు కదా. అంటారు. అన్నవాళ్లు ఎవరైనా వచ్చి చూపించారా? లేదు, ఆమె లేదు, మట్టిలో కలిసిపోయింది, కోడలు భయంతో గాలిని చూసి జడుసుకుంది, అంతే. ఉంది అనుకుంటే ఆమెను వదిలేసి పోవడం. లేదు అనుకుంటే వదిలేయడానికి కూడా ఆమె లేకపోవడం. రెండింట్లో ఏది నయం? లేచాడు. మోకాళ్లు టక్కుమన్నాయి, చెక్కే నయం. పెట్టె తెరిచి తిరుగుళి తీసుకుని పీపా బోర్లించి ఎక్కాడు, పై బందు మరలు విప్పాడు. అట్టముక్క అక్కడే ఉంది. మడిచింది మడిచినట్టు, తన వేలి నూనె మరకతో సహా. అయితే తను పెట్టినమాట నిజం. అయితే తలుపు తెరుచుకున్నమాట? అట్టముక్క చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. దాన్ని మళ్లీ పెట్టబుద్ధి కాలేదు. పాడుచేయడం రాదమ్మా అన్నాడు ఒకప్పుడు, వెధవ మాట. బందు పాత లోతులోనే కూర్చోబెట్టి బిగించాడు. పీపా దిగి, తలుపు మూసి, పక్కకి జరిగి చూశాడు. ఇప్పుడు తెరుచుకోవాలి. ఇన్నేళ్లూ తెరుచుకుంది, చెక్కకి అబద్ధం చెప్పడం రాదు. తెరుచుకోలేదు. ఎదురుచూశాడు. తెరుచుకోలేదు. ఇదేమిటి, ఇప్పుడు తెరుచుకోకపోవడానికి కూడా కారణం కావాలా?

కింద బండి హారన్ మోగింది. "నాన్నా, వస్తున్నా, బండివాడు రోడ్డు మధ్యలో పెట్టేశాడు, ఆ ఇస్త్రీ ఆయనతో గొడవ పడుతున్నాడు" అని కొడుకు గొంతు. మెట్ల మీద అడుగులు మాత్రం కొడుకువి కావు, తేలికవి. తలుపు వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు, అడుగులు ఎటునుంచి వస్తున్నాయో ఒక్క క్షణం తెలియలేదు. కోడలు. మొదటి బండితో వెళ్లిపోతూ ఈ ఇంట్లోకి మళ్లీ అడుగు పెట్టనన్న పిల్ల ఒక్కతే పైకి వచ్చింది. ముందుగది మధ్యలో నిలబడి, "ఆయన్ని కిందే ఉండమన్నాను మామయ్యా. మీతో ఓ మాట" అంది. ఆయాసపడుతోంది. "ఆవిడ పోయిన రోజు పొద్దున, ఆ దగ్గు వినలేక నేనే తలుపు వేసేశాను. గట్టిగా వేశాను. ఆవిడ చూశారు నా వైపు, ఏమీ అనలేదు. మీరు చూడలేదు." తను చూశాడు. అనలేదు. "తర్వాత ఆ తలుపు తెరుచుకుంటుంటే, నేను వేసింది ఆవిడ తీస్తున్నారనుకున్నాను. ముందు హడలిపోయాను మామయ్యా, ఒట్టు. తర్వాత తర్వాత... తెరుచుకోగానే, చెప్పండత్తయ్యా అనేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడి ఏదో ఒకటి చెప్పేదాన్ని. నవ్వకండి."

తను నవ్వడం లేదు.

"అలా అలవాటయ్యాక మానేశారు. నాలుగైదు రోజులు చూశాను, ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. నేను గొళ్లెం తీసి పెట్టినా తెరుచుకోలేదు. ఇక నాతో మాటేమిటి అనుకున్నారేమో అని, ఆ మూసిన తలుపు చూస్తూ వంట చేయలేకపోయాను. ఈ ఇంట్లో ఉండలేనని ఏడిస్తే, మీ అబ్బాయి మళ్లీ భయపడ్డాననుకున్నారు. కాదని చెబితే ఇంకా పిచ్చిదంటారు కదా?"

మళ్లీ మొదలవలేదు. ఆగిపోయింది. ఆగినందుకు ఏడ్చింది. ఇల్లు ఖాళీ చేస్తున్నది దెయ్యం ఉన్నందుకు కాదు, లేనందుకు. అరచేతిలో అట్టముక్క చెమటకి తడిసింది, ఇదీ కారణం, ఇప్పుడు చెప్పాలి, అమ్మా అది నేను చేసిన పని అనాలి, ఉలి అనాలి, భుజం నొప్పి అనాలి, మీ అత్తని కూడా ఇలాగే నమ్మనిచ్చాను అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. చాప పరిచింది. చేతిని జేబులో పెట్టుకున్నాడు. కోడలు తలుపు వైపు తిరిగింది, కొంగు సర్దుకుంది, పెద్దవాళ్ల ముందు నిలబడినట్టు నిలబడింది. "అత్తయ్యా, మేం వెళ్తున్నాం" అంది. "కొత్తింట్లో గాలి బాగా వస్తుంది. రావాలనుకుంటే రండి. నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి, కోపంతోనే రండి."

తలుపు కదిలింది. వీధి తలుపు తెరిచి ఉంది, గాలి అయి ఉంటుంది. నేలబండ మీద పిల్ల అడుగుల బరువు అయి ఉంటుంది. బందు తుప్పు ఇప్పుడు సర్దుకుని ఉంటుంది. మెల్లగా వచ్చింది, బండ దగ్గర ఆగింది, ఆలోచించుకుంది, బార్లా తెరుచుకుని గోడకి ఆనుకుంది. లోగదిలో ఏమీ లేదు, పొయ్యి ఉన్నచోట మసి, మంచం ఉన్నచోట నాలుగు కాళ్ల గుర్తులు, ఎండ. "అత్తయ్యా" అని కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తలుపు ఎందుకు తెరుచుకుందో తనకి తెలుసు. ఇంతసేపూ తెరుచుకోనిది ఇప్పుడే ఎందుకు తెరుచుకుందో తెలియదు. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య ఎంత దూరముందో కొలవడానికి ఏ బద్దా లేదు పెట్టెలో. చెయ్యి లేవబోయింది. కోడలు ఉందని ఆపుకున్నాడు.

కొడుకు వచ్చి పెట్టె ఒకసారి, పీపా ఒకసారి దించాడు. "తలుపు తెరిచావేంటి నాన్నా, మూసేసి రా" అంటూనే దిగిపోయాడు. కోడలు కళ్లు తుడుచుకుని అతని వెనకే దిగింది. ముసలి వడ్రంగి లోగది తలుపు మూయలేదు. వీధి తలుపు పట్టుకుని గడప అవతల నిలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచీ ఎక్కడికి బయల్దేరినా తను ముందు నడిచేవాడు, ఆమె వెనకాల ఆపసోపాలు పడుతూ, "నన్ను కూడా తీసుకెళ్తున్నావా, లేక నీ దారిన నువ్వు పోతున్నావా ఏమయ్యా" అని దెప్పేది. ఒక్కసారైనా ఆగలేదు. మెట్లు ఇరుకు. ఇద్దరు పక్కపక్కన పట్టరు. గోడకి ఒత్తుకుని, పొట్ట లోపలికి లాక్కుని దారి ఇచ్చాడు.

"ముందు నువ్వు దిగు" అన్నాడు.

"నేను దిగేశాను మామయ్యా!" అంది కోడలు కిందనుంచి.

అతను గోడకి ఒత్తుకునే ఉన్నాడు. ఓ మనిషి మెల్లగా, భుజం నొప్పితో, అన్ని మెట్లూ దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, అప్పుడు తలుపు దగ్గరగా వేసి, దిగాడు.